గ్యాస్ ప్లాంటు గేట్ పాస్: పోలీసు వెరిఫికేషన్ ఎక్కడ ఆగుతుంది, ఎలా దాటించాలి

"సోమవారం షట్‌డౌన్ (మరమ్మతులకు ప్లాంటు ఆపడం) మొదలు, శనివారం కల్లా పేపర్లు పట్టుకొచ్చెయ్." ఉమ్మడి తూర్పు గోదావరిలో తాటిపాక, ఓడలరేవు, గాడిమొగ, ఎస్.యానాం వైపు గ్యాస్ టెర్మినళ్లలో, కాకినాడ పోర్టు పక్క ట్యాంకుల్లో, ఎరువుల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి వెళ్లే ఫిట్టర్‌కి, వెల్డర్‌కి, హెల్పర్‌కి సాధారణంగా ఇలాగే ఫోన్ వస్తుంది. శనివారం నాటికి ఆధార్ జిరాక్సు, ఫొటోలు, బ్యాంకు పాస్‌బుక్కు దొరుకుతాయి. పోలీసు వెరిఫికేషన్ మాత్రం దొరకదు. పని చేతికొచ్చాక మొదలుపెట్టేది కాదది. ఏడాదికి ఒక్కసారైనా ప్లాంటు లోపల పనిచేసే ఉద్దేశం ఉంటే, ఫోన్ రాకముందే, కనీసం నెల రోజుల ముందే ఫైలు సిద్ధం చేసుకుని ఉండాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. వెరిఫికేషన్‌లో ఆగిపోయేవాళ్లలో నేరస్తులు తక్కువ. పేరు కలవనివాళ్లు, చిరునామా మారినవాళ్లు, పదేళ్ల కిందటి చిన్న కేసు రాయకుండా వదిలేసినవాళ్లే ఎక్కువ. ఈ మూడూ చేతిలో ఉన్న పనులే.

ఇంత ఆరా ఎందుకు

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే అదుపు తప్పి ఎగజిమ్మి, 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో 18 అంగుళాల గ్యాస్ పైపులైను లీకై, ఆవరించిన గ్యాసుకు నిప్పంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండింట్లోనూ బయటివాడు చేసిన కుట్ర లేదు. కానీ ఒక్క వాల్వు, ఒక్క రంధ్రం, ఒక్క నిప్పురవ్వ ఎంత దూరం పోతుందో జిల్లా మొత్తానికి తెలిసింది. అలాంటి చోట స్పానరు పట్టుకుని తిరిగే మనిషి ఎవరో, ఎక్కడివాడో తెలియాలని భద్రతా విభాగం పట్టుబట్టడంలో తప్పు లేదు. పైపులైన్లకు రంధ్రం చేసి కండెన్సేట్ (గ్యాసుతో పాటు వచ్చే ద్రవ ఇంధనం) దొంగిలించడం మన దగ్గర కొత్త నేరమేమీ కాదు. పైపులైన్లకు సంబంధించిన 1962 నాటి చట్టాన్ని 2011లో సవరించి, ఇలాంటి దొంగతనానికి, విధ్వంసానికి శిక్షలు బాగా పెంచింది కూడా ఇందుకే. ప్రభుత్వరంగ సంస్థల ప్లాంట్ల కాపలాకు 1968 చట్టంతో సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వచ్చింది. వాళ్ల గేటు ఉన్నచోట పాస్ సెక్షన్ మరీ కచ్చితంగా ఉంటుంది. ప్రైవేటు సెక్యూరిటీ ఉన్నచోట కూడా అడిగే కాగితాలు ఇంచుమించు ఇవే.

మూడు వేర్వేరు కాగితాలు, ఒకటే అనుకోవద్దు

ఎక్కువ గందరగోళం ఇక్కడే. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) ఒకటి. దానికి ఫీజు 500 రూపాయలు. ప్రధానంగా విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం అది. రెండోది ఉద్యోగం కోసం రాష్ట్ర పోలీసులు ఇచ్చే వెరిఫికేషన్. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేసినా, మీసేవలో చేసినా, చివరికి మీ స్టేషన్‌కో, జిల్లా స్పెషల్ బ్రాంచికో వెళ్లి నివేదికగా తిరిగొస్తుంది. మూడోది అటెస్టేషన్ ఫారం. ప్రభుత్వరంగ సంస్థలో పర్మినెంట్ ఉద్యోగం వచ్చినవాళ్లు నింపేది, పేజీలకు పేజీలు ఉంటుంది, తప్పు సమాచారం ఇస్తే ఉద్యోగం పోతుందని పైనే రాసి ఉంటుంది.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది పాత పీసీసీ పట్టుకొచ్చి "ఇదుగోనండి, పోలీసు సర్టిఫికెట్టు ఉంది" అంటారు. మస్కట్ వెళ్లేటప్పుడు తీసుకున్న కాగితం ఈ పాస్‌కి పనికిరాదు. ఫలానా ప్లాంటు ఏది అడుగుతోందో కాంట్రాక్టరు సూపర్‌వైజరు నోటిమాటతో సరిపెట్టుకోకుండా, పాస్ సెక్షన్ ఇచ్చే నమూనా ఫారం వాట్సాప్‌లో తెప్పించుకుని చూడండి. ఎన్ని నెలల లోపు తీసుకున్న నివేదిక చెల్లుతుందో కూడా అక్కడే తేలుతుంది. ప్లాంటును బట్టి అది మారుతుంది.

సముద్రం మీద వేటకెళ్లే మత్స్యకారుల బయోమెట్రిక్ కార్డు ఉన్నవాళ్లకు కూడా ఇదే చెప్పాలి. గుర్తింపు రుజువుగా చూపించుకోవచ్చు, వెరిఫికేషన్ బదులు చెల్లదు. పోర్టు లోపలికి వెళ్లే పాస్ మరీ వేరు. అంతర్జాతీయ ఓడరేవు భద్రతా నియమావళి 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి పోర్టువాళ్లు తమ పాస్ తామే ఇస్తారు. గ్యాస్ టెర్మినల్ పాస్ చూపించి జెట్టీ మీదకి వెళ్లలేరు.

పేరు దగ్గర మొదలుపెట్టండి

పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్ ఖాతా. ఈ అయిదూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. అన్నవరం స్వామి పేరు పెట్టుకున్నవాళ్ల కష్టం మరీ ఎక్కువ. వీర వెంకట సత్యనారాయణ ఒకదాంట్లో పూర్తిగా, ఒకదాంట్లో వి.వి.సత్యనారాయణ, పాన్‌లో ఉత్త సత్యనారాయణ. మనిషికి ఇవన్నీ ఒకటే, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు.

సరిచేసుకునే వరుస ఇది: పదో తరగతి సర్టిఫికెట్‌ను ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్, ఆధార్‌ను బట్టి పాన్, బ్యాంకు, చివర పీఎఫ్. వెనక నుంచి మొదలుపెడితే రెండోసారి మళ్లీ అన్నీ మార్చాల్సి వస్తుంది. ఆధార్‌లో పేరు మామూలుగా రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. చిరునామాకు ఆ పరిమితి లేదు. అందుకే ఆధార్ సెంటర్‌లో ఆపరేటరు టైపు చేసిన స్పెల్లింగు తెర మీద మీరే చదివి, అప్పుడు సరేననండి. పదో తరగతి చదవనివాళ్లు పుట్టినతేదీకి ఏ కాగితం ఆధారమో ముందే తేల్చుకుని, అన్నిచోట్లా అదే తేదీ వాడాలి. జనవరి 1, జూలై 1 అని ఆధార్‌లో పడిన తేదీల మీద అనుమానాలు ఎక్కువ వస్తాయి.

పేరు ఒకటే కావడం వల్ల వచ్చే ఇంకో చిక్కు పెద్దది. మీ పేరే ఉన్న ఇంకొకాయన మీద కేసు ఉంటే అది మీ ఖాతాలో పడుతుంది. ఒకే మండలంలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురైదుగురు దొరకడం మన దగ్గర వింత కాదు. అలా జరిగితే వాదన పెట్టుకోవద్దు. ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషను అడగండి. ఎఫ్ఐఆర్‌లో తండ్రి పేరు, వయసు, ఊరు, వీధి ఉంటాయి. వాటి పక్కన మీ ఆధార్ వివరాలు పెట్టి, ఆ నిందితుడు నేను కాదంటూ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో, సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి కాబట్టి ఈ మధ్యవి ఆన్‌లైన్‌లోనే దొరకవచ్చు.

జిల్లా మారింది, మీ కాగితం మారలేదు

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపువాళ్లు కోనసీమ జిల్లాకు వచ్చారు. కాకినాడ వేరు, రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు గోదావరి వేరు. అటు నరసాపురం, భీమవరం రెండూ భీమవరమే కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉంటే ఏలూరు వేరే జిల్లా అయింది. అంతకుముందు తీసుకున్న ఆధార్‌లో మాత్రం ఇంకా తూర్పు గోదావరి అనే ఉంటుంది. దరఖాస్తులో జిల్లా దగ్గర పాత పేరు ఎంచుకుంటే ఫైలు రాజమహేంద్రవరం ఎస్పీ ఆఫీసుకు వెళ్లి, "మా పరిధి కాదు" అని తిరిగొస్తుంది. వారాలు పోయేది ఇలాగే.

కాబట్టి ముందు స్టేషన్ పరిధి రూఢి చేసుకోండి. మీ ఊరు ఏ మండలమో కాదు, ఏ పోలీస్ స్టేషనో తెలియాలి. కొన్ని ఊళ్లకు మండలకేంద్రం ఒకటి, స్టేషన్ ఇంకొకటి. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసును అడిగితే తెలుస్తుంది. ఆ తర్వాత ఆధార్ చిరునామా కొత్త జిల్లా పేరుతో మార్చుకోండి. అంతదాకా ఆగలేకపోతే సచివాలయం ద్వారా తహశీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం జతచేయండి. అందులో కొత్త జిల్లా పేరే ఉంటుంది.

ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా అని రెండు గడులు ఉంటాయి. మామిడికుదురులో ఇల్లు, కాకినాడలో అద్దె గది ఉన్నవాళ్లు రెండింట్లోనూ మామిడికుదురే రాస్తారు. పని తేలికవుతుందని అనుకుంటారు, నిజానికి చెడుతుంది. కానిస్టేబులు ఇంటికెళ్తాడు. "మా అబ్బాయి రెండేళ్ల నుంచి కాకినాడలోనే ఉంటున్నాడండి" అని అమ్మ చెబుతుంది. "ఇచ్చిన చిరునామాలో నివాసం లేడు" అని నివేదిక పడుతుంది. అబద్ధం ఎవరూ ఆడలేదు, పాస్ మాత్రం రాలేదు. గది అద్దెకు తీసుకున్న తేదీతో సహా రెండు చిరునామాలూ రాయండి. అప్పుడు రెండు స్టేషన్ల నుంచీ నివేదిక రావాలి కనుక సమయం కూడా రెండింతలు వేసుకోండి.

అటెస్టేషన్ ఫారంలో అయితే గత అయిదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటూ తేదీలతో రాయాలి. మధ్యలో ఖాళీ నెలలు ఉండకూడదు. కువైట్‌లో ఉన్న కాలానికి పాస్‌పోర్టు మీద రాకపోకల ముద్రల జిరాక్సు పెడితే ఆ ఖాళీ నిండుతుంది. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీల ముఠాను కాంట్రాక్టరు తెస్తే, వాళ్ల నివేదిక సొంతూరి స్టేషన్ నుంచి రావాలి. వాళ్ల కాగితాలు బండి ఎక్కకముందే అక్కడే చేయించుకురావడం తప్ప దగ్గరదారి లేదు.

కేసులు: అసలు చిక్కు ఇక్కడ

ఫారంలో అడిగే ప్రశ్నలు ఒకటి కాదు, ఏడు. ఎప్పుడైనా అరెస్టయ్యారా? ప్రాసిక్యూషన్ జరిగిందా? నిర్బంధంలో ఉన్నారా? బైండోవర్ అయ్యారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ప్రస్తుతం కేసు నడుస్తోందా? ఒక్కోదానికి విడిగా జవాబు ఉండాలి. "నాకు శిక్ష పడలేదు కదా" అని అన్నింటికీ లేదు అని రాసేసి చాలామంది దెబ్బతింటారు.

సంక్రాంతి కోడిపందాలే తీసుకోండి. బరి దగ్గర దొరికినవాళ్ల మీద 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద కేసు కడతారు. కోర్టుకు తీసుకెళ్తే తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తారు. ఊళ్లో ఎవరూ దాన్ని కేసనుకోరు. చట్టం దృష్టిలో మాత్రం తప్పు ఒప్పుకుని జరిమానా కట్టడమంటే నేరం రుజువైనట్టే. "కోర్టు జరిమానా" గడిలో అది రాయాలి. పేకాట కేసూ అంతే, తాగి బండి నడిపిన కేసూ అంతే.

లోక్ అదాలత్‌లో ముగిసిన కేసుల్లో రెండు రకాలు ఉంటాయి. చేనుగట్టు తగాదాలాంటివాటిలో ఫిర్యాదుదారుతో రాజీ పడితే, రాజీకి వీలున్న నేరమైతే, దాని ఫలితం నిర్దోషిగా విడుదలతో సమానం. అదే లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి ముగిస్తే అది శిక్షే. మీది ఏదో ఉత్తర్వు చదివితేగాని తెలియదు. అందుకని కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. కేసు నంబరు గుర్తులేకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతకండి. పాత కేసులు ఉమ్మడి తూర్పు గోదావరి పేరు కింద ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ జిల్లా ఎంచుకుని కూడా చూడండి.

బైండోవర్ సంగతి చాలామందికి గుర్తే ఉండదు. ఎన్నికల ముందో, ఊళ్లో గొడవ జరిగినప్పుడో యాభై మందిని తహశీల్దారు ముందుకు తీసుకెళ్లి, శాంతిభద్రతలకు భంగం కలిగించమని బాండు రాయిస్తారు. పాత చట్టంలో 107వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 126. దీని గడువు ఏడాదికి మించదు. పాత 110, కొత్త 129 కింద అయితే మూడేళ్లదాకా ఉండొచ్చు. బైండోవర్ శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. కానీ ప్రశ్న అడిగారు కాబట్టి, "ఫలానా సంవత్సరం బాండు ఇచ్చాను, గడువు ముగిసింది, ఉల్లంఘన లేదు" అని రాయాలి. ఆ ఒక్క వాక్యం రాసినవాడికి సాధారణంగా ఏమీ కాదు. దాచినవాడికి, స్టేషన్ రికార్డులో బయటపడ్డాక, బైండోవర్ కన్నా దాచడమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పినది తెలిసి ఉండటం మంచిది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, అడిగినదాన్ని దాచకూడదు. అడగనిదాన్ని చెప్పలేదని మాత్రం తప్పుపట్టకూడదు. చిన్న వయసులో చేసిన చిల్లర నేరమైతే యజమాని విచక్షణతో క్షమించి వదిలేయవచ్చు. అది ప్రభుత్వ ఉద్యోగాల సందర్భంలో ఇచ్చిన తీర్పు, కాంట్రాక్టు కూలీ గేట్ పాస్‌కి నేరుగా వర్తిస్తుందని చెప్పలేం. అయినా భద్రతాధికారులు ఆలోచించే తీరు అదే: కేసు ఏమిటి, ఎప్పటిది, చెప్పాడా దాచాడా.

నిర్దోషిగా బయటపడ్డ కేసు కూడా ఇంకా "పెండింగ్" అని కనిపించడం ఇంకో తరహా తలనొప్పి. కోర్టు తీర్పు ఇచ్చేసినా, స్టేషన్ వాళ్లు సీసీటీఎన్ఎస్ అనే కంప్యూటర్ రికార్డులో ముగింపు ఎక్కించకపోతే అలాగే ఉండిపోతుంది. సర్టిఫైడ్ కాపీ రెండు సెట్లు తీసుకుని స్టేషన్‌కి వెళ్లండి. ఎస్సైగారి పేర అర్జీతో ఒక సెట్టు ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నిజంగా ఆ పని చేసేది స్టేషన్ రైటరు, కోర్టు కానిస్టేబులు. వాళ్లతో మర్యాదగా మాట్లాడి, కేసు నంబరు చీటీ మీద రాసిస్తే తొందరగా అవుతుంది. రౌడీ షీటో, సస్పెక్ట్ షీటో ఉంటే అది స్టేషన్ స్థాయిలో తేలే సంగతి కాదు. తీసేయమని ఎస్పీ గారికి అర్జీ పెట్టుకోవాలి, అప్పటివరకు ప్లాంటు పాస్ మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

కేసు నిజంగా నడుస్తుంటే? ఎఫ్ఐఆర్ కాపీ, బెయిలు ఉత్తర్వు, ఛార్జిషీటు దశలో ఉంటే దాని కాపీ జతచేసి, ఉన్నది ఉన్నట్టు రాయండి. కుటుంబ తగాదాకూ కండెన్సేట్ దొంగతనానికీ తేడా భద్రతాధికారికి తెలుసు. పైపులైను, పేలుడు పదార్థాలు, దొంగతనం, గంజాయి కేసులైతే దాదాపు ఎక్కడా రానివ్వరు. అలాంటి కేసు ఉండి, బ్రోకరు "నేను చూసుకుంటాను" అంటే డబ్బులు పోయినట్టే.

కానిస్టేబులు వచ్చినప్పుడు

దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు ఆన్‌లో ఉండాలి. తెలియని నంబరని ఎత్తకపోతే అదే కానిస్టేబులు చేసిన ఫోను కావచ్చు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి: మీరు ఏ కంపెనీలో, ఏ కాంట్రాక్టరు కింద చేరుతున్నారు, ఎక్కడ ఉంటున్నారు. మీరు ఫారంలో రాసినదానికీ ఇంట్లోవాళ్లు చెప్పేదానికీ పొంతన ఉండాలి. ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులు కావాలి. దగ్గర బంధువులు కాకుండా, ఆధార్ జిరాక్సు ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లను ముందే మాట్లాడుకోండి. విచారణ నాటికి మీరు ఊళ్లో ఉంటే అన్నివిధాలా నయం. అధికారిక రుసుము దరఖాస్తు దగ్గరే కట్టేస్తారు. ఇంటి దగ్గర ఎవరైనా విడిగా అడిగితే అది లంచం, ఏసీబీకి ఫిర్యాదు చేయవచ్చు.

కాంట్రాక్టరు కట్టాల్సిన ఫైలు

పాస్ దరఖాస్తు మీరు నేరుగా పెట్టేది కాదు. కాంట్రాక్టరు తన లెటర్‌హెడ్ మీద వర్క్ ఆర్డరు నంబరు, పని కాలం, మనుషుల జాబితా రాసి, ప్లాంటులో ఆ పని చూసే ఇంజినీరు చేత సిఫారసు సంతకం పెట్టించి, సెక్యూరిటీకి పంపాలి. మీ వైపు నుంచి ఇవ్వాల్సినవి:

ఆధార్ జిరాక్సు, ఒరిజినల్ చూపించడానికి;
పోలీసు వెరిఫికేషన్ నివేదిక;
వైద్య పరీక్ష సర్టిఫికెట్;
ఈఎస్ఐ నంబరు లేదా ప్రమాద బీమా, పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్);
వెల్డరు, క్రేన్ ఆపరేటరు, ఎలక్ట్రీషియన్ అయితే నైపుణ్య సర్టిఫికెట్ లేదా లైసెన్సు;
ఈ మధ్య తీసిన ఫొటోలు, గడ్డం పెంచినా తీసినా ఇప్పటి ముఖంతో.

పాస్ గడువు ఎలా వేస్తారో తెలుసుకుంటే సగం గొడవలు ఉండవు. వర్క్ ఆర్డరు, వెరిఫికేషన్, వైద్యం, బీమా. ఈ నాలుగింట్లో ఏది ముందు ముగుస్తుందో పాస్ అక్కడికే ఆగుతుంది. పోలీసు నివేదిక ఇంకా పది నెలలు చెల్లినా, బీమా నెలాఖరుకు అయిపోతే పాస్ నెలాఖరుకే. ఒకటో తారీఖు పొద్దున గేటు తిరగదు. నాలుగు తేదీలూ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. బీమా పునరుద్ధరణ కాంట్రాక్టరు పని, కానీ మర్చిపోతే కూలి పోయేది మీకు.

వెరిఫికేషన్ రాకముందే తాత్కాలిక పాస్ మీద కొద్దిరోజులు తోడు మనిషితో లోపలికి పంపే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దాన్ని నమ్ముకుని అసలు దరఖాస్తు ఆపేయవద్దు. 18 ఏళ్లు నిండనివాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టుకోకూడదు, వయసు పెంచి రాసిన కాగితంతో తీసుకెళ్తే ముందు ఇరుక్కునేది కాంట్రాక్టరే.

వైద్య పరీక్ష

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-సి సెక్షన్ చేర్చి, ప్రమాదకర ప్రక్రియల్లో పనికి పెట్టుకునే ముందు, ఆపై ఏడాదికి మించకుండా వైద్య పరీక్ష చేయించాలన్నారు. డ్రిల్లింగ్ రిగ్గు మీద పని గనుల కిందికి వస్తుంది, అక్కడ ఫారం-ఓ అనే పత్రం అడుగుతారు. ఏ డాక్టరు సంతకం చెల్లుతుందో ముందే అడగండి. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన చీటీ ఎక్కడా చెల్లదు. బీపీ, షుగరు, కంటిచూపు, రంగుల గుర్తింపు, వినికిడి, ఊపిరితిత్తుల సామర్థ్యం, ఎత్తుల మీద పనిచేసేవాళ్లకు కళ్లు తిరుగుడు పరీక్ష ఉంటాయి. ముందురోజు రాత్రి డ్యూటీ చేసొచ్చి, నిద్ర లేకుండా వెళ్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. కల్లు తాగి వెళ్తే ఇంకేం చెప్పాలి. ఎలక్ట్రీషియన్లు రంగుల పరీక్ష ముందే ఓసారి విడిగా చేయించుకుంటే మంచిది. పరీక్ష ఖర్చు కూలీ నెత్తిన రుద్దడం పద్ధతి కాదు.

గేటు దగ్గర

వేలిముద్ర పడకపోవడం మన దగ్గర తరచూ ఎదురయ్యేదే. కొబ్బరికాయలు వలిచిన చేతులు, సిమెంటు పని చేసిన చేతులు, వలలు లాగిన చేతులు అరిగిపోయి ఉంటాయి. నమోదు రోజుకు రెండు మూడు రోజుల ముందు నుంచి రాత్రి పూట కొబ్బరినూనె రాసుకుని, ఆ పొద్దున సబ్బుతో కడుక్కుని, పూర్తిగా తుడుచుకుని వెళ్లండి. బొటనవేలే అని పట్టుబట్టకుండా పది వేళ్లలో బాగా పడే వేలు నమోదు చేయమని అడగండి. అప్పటికీ పడకపోతే కంటిపాప, ముఖం గుర్తింపు ఉన్నాయేమో అడగండి. ఆధార్‌లో వేలిముద్రలు పాతబడి ఉంటే అక్కడ కూడా కొత్తవి ఎక్కించుకోండి.

లోపలికి ఏవి తీసుకెళ్లకూడదో కూలీలకు తెలుసు, అయినా ప్రతి షట్‌డౌన్‌లో ఎవరో ఒకరి జేబులో లైటరు దొరుకుతుంది. అగ్గిపెట్టె, బీడీలు, మామూలు సెల్‌ఫోను, స్మార్ట్ వాచీ, పెన్‌డ్రైవు, కెమెరా గేటు బయటే ఉండాలి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న రవ్వ చాలు, మామూలు ఫోను బ్యాటరీ దగ్గర వచ్చే రవ్వ కూడా. మీథేన్ తేలిక, పైకి పోతుంది. కండెన్సేట్ ఆవిరి బరువు, కాలువల్లోకి, గుంటల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. అందుకే "ఇక్కడ వాసనేమీ లేదుగా" అనే మాట ప్లాంటులో చెల్లదు. నైలాన్ చొక్కా వద్దు, నూలుబట్టలు వేసుకోండి. ట్రాక్టరో, వ్యానో లోపలికి వెళ్లాలంటే పొగగొట్టానికి నిప్పురవ్వలు ఆపే స్పార్క్ అరెస్టరు ఉండాలి. ఊదుడు యంత్రంలో మద్యం తేలితే ఆ రోజు పాసే కాదు, కాంట్రాక్టరు తర్వాత జాబితాలోంచీ పేరు పోతుంది.

మొదటిరోజు భద్రతా శిక్షణలో సైరన్ల తేడా చెబుతారు. పెద్ద అగ్నిప్రమాదానికి ఎక్కుతూ దిగుతూ మోగే సైరన్, ప్రమాదం తీరిందంటే ఒకే స్వరంతో రెండు నిమిషాలు మోగేది. నిద్రపోయే క్లాసు కాదది. చివర పరీక్ష కూడా పెడతారు, తెలుగులో పెట్టమని అడగండి.

పాస్ రాకపోతే, పోతే

తిరస్కరణ నోటిమాటగా చెప్పి పంపించేస్తే వదిలేయకండి. లోపం చిరునామాదా, పేరుదా, కేసుదా అన్నది కాంట్రాక్టరు ద్వారా పాస్ సెక్షన్‌ను అడిగించండి. పోలీసు నివేదికలో ఏముందో తెలుసుకోవడానికి ఎస్పీ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. మీ గురించిన మీ సమాచారమే కాబట్టి, దర్యాప్తులో ఉన్న విషయం కాకపోతే చాలావరకు జవాబు వస్తుంది. లోపం సరిచేసిన కాగితాలు జతచేసి తాజా వెరిఫికేషన్‌కి మళ్లీ దరఖాస్తు చేయండి. పాత నివేదిక మీద అప్పీలు కన్నా ఇదే తొందరగా అవుతుంది.

పాస్ పోగొట్టుకుంటే ఆ పూటే సెక్యూరిటీకి చెప్పి, స్టేషన్‌లో ఫిర్యాదు రసీదు తీసుకోండి. రెండురోజులు చూద్దాం అని ఊరుకుంటే, ఆ మధ్యలో దాన్ని ఎవరు వాడినా జవాబు మీరే చెప్పాలి. తమ్ముడికో, బావమరిదికో ఒక్కపూట పాస్ ఇవ్వడం అన్నిటికంటే చెడ్డది. ఇద్దరి పేర్లూ శాశ్వతంగా పోతాయి. పని అయిపోయాక పాస్ కాంట్రాక్టరు చేతికిచ్చి ఊరుకోకుండా, సెక్యూరిటీలో తిరిగి అప్పగించినట్టు రసీదు అడగండి. అప్పగించని పాస్ మీ పేరు మీద బాకీగా కనిపిస్తే, వచ్చే షట్‌డౌన్‌కి వేరే కాంట్రాక్టరు కింద వెళ్లినా కొత్త పాస్ తీయరు.